ఎడమచేతి సముద్రం

బస్సుని చూసి జనం ముచ్చటపడడమే గాని ఎక్కడానికి ముందుకు రాని కాలం ఒకటి మా బందరుకి ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. రెండో యుద్ధం ఇంకా మొదలు కాలేదు, పెట్రోలు కరువై బస్సు వీపుకి బొగ్గుపొయ్యి తగిలించే దుర్దినాలు ఇంకా రాలేదు. గుడివాడ వెళ్ళేవాళ్ళకి రైలుండేది, దివిసీమ వైపు వెళ్ళేవాళ్ళకి కాలవలో పడవ ఉండేది, రెండూ కుదరకపోతే ఎవరో ఒక బావగారి ఎడ్లబండి ఉండనే ఉండేది. "ఆ రేకుడబ్బాలో కూర్చుని, మధ్యదారిలో దిగి తోసే ఖర్మ మనకేమిటోయ్" అనేవారు పెద్దలు. వాళ్ళని తప్పు పట్టను. మా కంపెనీ బస్సు ఎక్కినవాళ్ళు సగం దూరం కూర్చునేవారు, తక్కిన సగం దూరం తోసేవారు. చల్లపల్లి చేరేసరికి ప్రయాణికులందరూ ప్రాణస్నేహితులైపోతారని (ఒకే బస్సుని తోసినవాళ్ళ మధ్య పుట్టే స్నేహం ఇంక దేనివల్లా పుట్టదట) మా డ్రైవరు చెబుతూ ఉండేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కాస్త అసూయగా ఉండేది. ఎందుకంటే నేను బస్సు ఎక్కేవాణ్ణి కాదు, ఎక్కించేవాణ్ణి.

నాకు అప్పటికి ఇరవై నిండలేదు. గుడివాడకి ఆవల ఒక పల్లెటూరు నుంచి వచ్చి, బందరు బస్సు షెడ్డులో టిక్కెట్లు రాసే గుమస్తాగా కుదిరాను. మూడో ఫారంతో చదువు ఆగింది. నాకంటూ మిగిలినవాడు ఒక మావయ్య. ఆయన నెలకొక కార్డు రాసేవాడు, అందులో సగం వానల సంగతి, సగం వడ్ల సంగతి, చివర జాగా మిగిలితే నా సంగతి. బందరులో నన్ను పలకరించని మనిషి లేడు, నాతో మాట్లాడిన మనిషీ లేడు. "అబ్బాయ్, బస్సెన్నింటికి?" అని రోజుకి వందమంది అడిగేవారు. చెప్పగానే వెళ్ళిపోయేవారు. అందుకని సాయంత్రాలు లైబ్రరీలో గడిపేవాణ్ణి. గొప్ప చెప్పుకోవడం కాదుగాని, అక్కడ భూగోళం బీరువా మొత్తం అయిదు నెలల్లో చదివేశాను (అడుగు అరలో చెదపురుగులు నాకంటే ముందే ముగించిన నాలుగు పుస్తకాలు తప్ప). అలా ఎవరూ చెప్పకుండా సంపాదించిన చదువు మనిషిని ఊరికే ఉండనివ్వదు. ఎవరైనా "ఎండగా ఉందయ్యా" అంటే నేను భూమధ్యరేఖ దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. కృష్ణా జిల్లాకి వచ్చేసరికి ఎదుట ఎవరూ ఉండేవారు కాదు.

మా యజమానిని ఊళ్ళో అందరూ చాటుగా హారనుగారు అనేవారు. ఆయన రహస్యం చెబితే వీధి చివర వినిపించేది. ఒకనాడు మద్రాసు నుంచి ఆయనకి ఇంజను సామాను పార్సిలు వచ్చింది. లోపల సామానుకి దెబ్బ తగలకుండా చుట్టిన కాగితం రంగురంగులుగా ఉంటే విప్పి బల్ల మీద పరిచాను. ఏదో దూరదేశపు బస్సు కంపెనీ తన ప్రయాణికుల కోసం వేయించిన బొమ్మల పటం అది. ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రం దాకా ఎర్రగీతలు, ఆ గీతల మీద అగ్గిపెట్టెల్లాంటి బస్సులు. ఊరి పేరు పక్కన ఆ ఊళ్ళో చూడదగ్గ వస్తువు బొమ్మ: ఒకచోట ఎలుగుబంటి, ఒకచోట జలపాతం, ఒకచోట బుట్టెడు నారింజపళ్ళు, ఒకచోట హారనుగారు చేత్తో మూసి మరీ చూసిన స్నానాల దుస్తుల దొరసాని. ఒక మూల బస్సు కిటికీలోంచి ఒక మనిషి టోపీ ఊపుతున్నాడు, పెసరగింజంత. ఎవరికి ఊపుతున్నాడో ఆ పటంలో ఎక్కడా లేదు. దాన్ని షెడ్డు గోడకి అంటించాక, మనుషులెవరూ లేని మధ్యాహ్నాలు నేను దాని ఎదుటే కూర్చునేవాణ్ణి. ఆ మనిషి నాకే ఊపుతున్నాడనుకునేవాణ్ణి. (ఒకసారి నేనూ చెయ్యెత్తాను. మా డ్రైవరు చూశాడు. అందరినీ "బావా" అనడం అతనికి అలవాటు. "ఎవరు బావా?" అన్నాడు. "దోమ" అన్నాను.)

పటం చూసి చూసి హారనుగారికి కూడా ఒకనాడు ఆవేశం వచ్చింది. "అబ్బాయ్! వాళ్ళకి ఎలుగుబంట్లుంటే మనకి గుళ్ళు లేవా? మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం లేదా, మోపిదేవి లేదా? మనమూ ఒక ఎస్కర్షను వెయ్యాలి. పొద్దున్నే బయల్దేరి దేవుళ్ళందర్నీ చూపించి పొద్దుగూకేసరికి ఇంటి దగ్గర దింపేస్తాం. దానికి ఇలాంటి పటమొకటి కావాలి. ఎవరు వేస్తారంటావ్?"

భూగోళం బీరువా చదివినవాడు ఆ ప్రశ్నకి ఏమంటాడు? "నేను వేస్తానండీ" అన్నాను. అనడంతో ఆగక, పటాలు ఎన్ని రకాలో కూడా చెప్పబోయాను.

"రకాలు తరవాత. కాగితం మీద వద్దోయ్. కాగితమైతే చూసి పారేస్తారు. పక్కన పెడనలో అద్దకం పెట్టుకుని మద్రాసు ప్రెస్సులు మనకెందుకు? తువ్వాళ్ళ మీద అచ్చు వేయిద్దాం. తువ్వాలైతే భుజాన వేసుకుని మన బస్సు సంగతి ఊరూరా తిప్పుతారు." అని కొంచెం సేపు తన తెలివికి తానే మురిసి, "పటం కుదిరిందా, మొదటి ఎస్కర్షనులో ముందు సీటు నీదే. ఏ ఊళ్ళో ఏముందో జనానికి నువ్వే చెప్పాలి. గైడువి!" అన్నారు.

ఆ మాట నాకు ఎలా వినిపించిందో మీకు చెప్పాలి. ముప్ఫైమంది మనుషులు, కదిలే బస్సులో, మధ్యలో లేచి వెళ్ళిపోయే వీలు లేకుండా, పొద్దుటినుంచి సాయంత్రం దాకా నా ఎదుట కూర్చుని ఉంటారు! నేను చెబుతాను, వాళ్ళు వింటారు, మధ్యాహ్నం అందరం కలిసి భోంచేస్తాం, తిరిగి వచ్చేటప్పుడు ఎవరో ఒకరు "మా ఇంటికి ఒకసారి రావయ్యా" అంటారు. ఆ ఒక్క మాట కోసం దివిసీమనే కాదు, ధ్రువ ప్రాంతాన్నైనా తువ్వాలు మీదికి ఎక్కించేవాణ్ణి.

మర్నాటి నుంచే పనిలో దిగాను. (పటంలోని ఊళ్ళలో సగం నేను చూడలేదని హారనుగారు అడగలేదు, నేను చెప్పలేదు.) బందరుకి మా బస్సు వేశాను, గుడివాడకి వడ్లబస్తాలు వేశాను, చల్లపల్లికి కోట వేశాను, మోపిదేవికి పడగెత్తిన పాము వేశాను, శ్రీకాకుళానికి గోపురం, దాని పక్కనుంచి కృష్ణ, అట్టడుగున హంసలదీవికి ఒక హంస, ఒక పక్కంతా సముద్రం, అందులో పడవలూ చేపలూ. పేర్లు రాయాలనుకున్నాను గాని, చిన్న అక్షరాలు చెక్కితే నాలుగు అద్దకాలకే విరిగిపోతాయని పెడన నుంచి కబురొచ్చింది. "బొమ్మ చూసి ఊరు పోల్చుకోలేనివాడు మన బస్సెందుకు ఎక్కుతాడు, వద్దులే" అన్నారు హారనుగారు. కంపెనీ పేరుకి మాత్రం ఇంతకుముందు జెండాల కోసం చెక్కించిన అచ్చు ఉండనే ఉంది.

ఇక్కడే నా చదువు నన్ను పట్టుకుంది. లైబ్రరీలో అచ్చుపని గురించిన పుస్తకం ఒకటుంది. అందులో స్పష్టంగా ఉంది: చెక్క మీద ఏది చెక్కితే అది గుడ్డ మీద ఎడమ కుడిగా, కుడి ఎడమగా తిరగబడి పడుతుంది. పెడనలో చెక్కేది ఒక ముసలాయన, ఊళ్ళో అందరూ అచ్చుల తాత అంటారు, అక్షరజ్ఞానం లేదు. పాపం ఆయనకి ఈ శాస్త్రం ఏం తెలుస్తుంది? కాబట్టి తప్పు జరగకుండా నేనే ముందు జాగ్రత్త పడ్డాను. నా గదిలో చేతెడు అద్దం ఉండేది. దాని ఎదుట పటాన్ని పెట్టి, అద్దంలో కనిపించినదాన్ని చూస్తూ కొత్త కాగితం మీద మొత్తం తిరగేసి గీశాను. మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు ఆదివారాలూ నాతో మాట్లాడింది అద్దంలోని నా మొహం ఒక్కటే. అదీ పటానికి అడ్డొస్తోందని పక్కకి జరగమన్నాను.

ఆ కాగితం పట్టుకుని రైల్లో పెడన వెళ్ళాను (బస్సు గుమస్తా రైలెక్కిన సంగతి హారనుగారికి ఈనాటికీ తెలియదు). అచ్చుల తాత అరుగు మీద కూర్చుని ఒక చెక్కని ఒళ్ళో పడుకోబెట్టుకుని చెక్కుతున్నాడు. కాగితాన్ని రెండు చేతులా అందుకుని చాలాసేపు చూశాడు.

"ఇది బాతా బాబూ?"

"హంస."

"హంసని మేమెప్పుడూ చూళ్ళేదు బాబూ."

"నేనూ చూడలేదు. పుస్తకంలో చూశాను."

"అయితే సరే" అని ఆ సమాధానానికి పూర్తిగా తృప్తిపడి, "ఇప్పుడు గుడ్డ మీద ఇది ఎలా రావాలి? ఉన్నదున్నట్టేనా?" అన్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్న ఎంత మర్యాదగల ప్రశ్నో తెలుస్తుంది. అప్పుడు నేను దాన్ని అజ్ఞానమనుకున్నాను. చెక్కకీ గుడ్డకీ ఉన్న సంబంధం గురించి ఆయనకి చాలాసేపు ఉపన్యాసం చెప్పాను. డెబ్భై ఏళ్ళ మనిషి, అరవై ఏళ్ళుగా అచ్చులు చెక్కుతున్న మనిషి, చెక్కపొట్టు దులుపుకుని ఆ ఉపన్యాసమంతా శ్రద్ధగా విన్నాడు. "తమరు చదువుకున్నవాళ్ళు" అన్నాడు. "మీరేమీ బుర్ర పెట్టనక్కర్లేదు. ఉన్నదున్నట్టే. వెంట్రుకవాసి మార్చకండి" అన్నాను. "అలాగే బాబూ" అన్నాడు.

తువ్వాళ్ళు వచ్చిన రోజు షెడ్డులో పండగే. ఎరుపూ నలుపూ రంగుల్లో కోట, గోపురం, పాము, హంస అన్నీ చక్కగా దిగాయి. నా కళ్ళకి ఒక్క లోపం కనిపించలేదు. (ఎలా కనిపిస్తుంది? మూడు ఆదివారాలు అద్దంలోనే చూశాను కదా.) హారనుగారు ఒకటి తలకి చుట్టుకుని, ఒకటి భుజాన వేసుకుని, ఒకటి బస్సు ముందు కట్టి బజారంతా తిప్పించారు. ఎస్కర్షను టిక్కెట్లు రెండు రోజుల్లో అయిపోయాయి. నేను నా గదిలో గోడలకి ఉపన్యాసం అప్పజెబుతూ, ఉన్న ఒక్క తెల్లచొక్కా రెండుసార్లు ఉతికి ఆరేశాను.

ఆ ఆదివారం పొద్దున చలిగా ఉంది. కుటుంబాలు కుటుంబాలుగా క్యారేజీలతో దిగుతున్నాయి. నేను తువ్వాళ్ళు పంచుతున్నాను. అప్పుడు గిలకలదిండి రేవు నుంచి చేపలు తెచ్చి ఊళ్ళో అమ్మే ఒకావిడ, రోజూ మా షెడ్డు ముందు నుంచే వెళ్ళేది, బుట్ట దించి నిలబడింది. బుట్టలో చిల్లర నెత్తళ్ళే ఉన్నా పెద్దచేప పేరు పెట్టి "పండుగప్పలమ్మా" అనే అరిచేది కాబట్టి ఆమెని అందరూ పండుగప్ప అనేవాళ్ళు.

"గుమస్తా బాబూ, ఊరందరికీ ఇత్తన్నారంట. నాకోటి ఇయ్యండి, సుట్టకుదురు పాతబడింది" అంది. తలకీ బుట్టకీ మధ్య పెట్టుకునే గుడ్డచుట్ట కోసం నా పటం అడుగుతోంది! అయినా మంచిరోజు గదా అని ఒకటి ఇచ్చాను. ఆమె దాన్ని వెంటనే చుట్టలేదు. నేల మీద పరిచి, గొంతుక్కూర్చుంది.

"ఇయ్యి పడవలు. అంటే ఇది సంద్రం. ఒడ్డునున్న ఈ బస్సు మన బందరు. ఇదేనా సల్లపల్లి కోట?"

"అవును."

తువ్వాలుని నేల మీదే మెల్లగా తిప్పి, కోట చల్లపల్లి రోడ్డు వైపు వచ్చేలా పెట్టింది. ఒకసారి రోడ్డు వైపు చూసింది, ఒకసారి తువ్వాలు వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది.

"బాబూ, సల్లపల్లెళ్తంటే సంద్రం ఎడంసేతికి కదా ఉంటది? ఇక్కడ కుడిసేతికొచ్చిందేంటి?"

"పటం చూడడానికి ఒక పద్ధతి ఉంటుంది. నేల మీద పెట్టి తిప్పకూడదు. పైవైపు ఉత్తరం..."

"పైన అంటే ఆకాశమేగా బాబూ."

"నీకు తెలియదు. ఇది శాస్త్రప్రకారం వేసింది."

"ఏమో. శాస్త్రప్రకారమైతే మా పడవలన్నీ గుడివాడ పొలాల్లో తేలతన్నాయి" అని ఆమె పకపకా నవ్వింది. ఎగతాళి నవ్వు కాదది. రా, నువ్వూ నవ్వు అని పిలిచే నవ్వు. బందరులో నన్నెవరైనా అలా పిలవడం అదే మొదలు. నేనేం చేశాను? మొహం గంటు పెట్టుకుని, "బస్సు టైమైంది" అని ఎక్కేశాను.

ముందు సీటులో కూర్చున్నాను. బస్సు ఊరు దాటింది. డ్రైవరు "మొదలెట్టు బావా" అన్నాడు. నేను లేచి, చేతిలో తువ్వాలు విప్పి, గొంతు సవరించుకుని, "మహాజనులారా" అని వెనక్కి తిరగబోతుండగా ఎడమ చెంపకి చల్లగా ఉప్పుగాలి తగిలింది. ఎడమ చెంపకి. తువ్వాలు చూశాను. సముద్రం కుడివైపు ఉంది. తువ్వాలుని అటు తిప్పాను, ఇటు తిప్పాను, తలకిందులు చేశాను. ఎలా తిప్పినా చల్లపల్లి వెళ్ళేవాడికి సముద్రం కుడిచేతికే వస్తోంది. అచ్చుల తాత "ఉన్నదున్నట్టేనా" అని ఎందుకడిగాడో అప్పుడు తెలిసింది. అచ్చుల తాతలు కాగితాన్ని చెక్క మీద ఎప్పుడూ బోర్లాగానే అంటిస్తారు. గుడ్డ మీద ఉన్నదున్నట్టు రావడానికి వాళ్ళ ముత్తాతల నాటి ఉపాయం అది. నేను తిరగేసి గీసినదాన్ని ఆయన, నేను చెప్పినట్టే, వెంట్రుకవాసి మార్చకుండా గుడ్డ మీదికి దింపాడు. నేను అద్దం జోలికి పోకుండా ఉంటే పటం సరిగ్గా వచ్చేది. ఆ పుస్తకం చదవకుండా ఉన్నా సరిగ్గా వచ్చేది. ముప్ఫైమంది భుజాల మీద ముప్ఫై సముద్రాలు తప్పు వైపున ఉన్నాయి, దిగాక వీళ్ళలో ఒక్కరు హారనుగారి చెవిన వేస్తే నా ఉద్యోగానికి అదే ఆఖరు రోజు.

కూర్చున్నాను. నోరు తెరవలేదు. ఏ ఊరి పేరు ఎత్తినా వీళ్ళు తువ్వాలు విప్పి ఆ ఊరు వెతుకుతారని భయం. వెనక సీటులో హైస్కూలు మాస్టారు ఒకాయన (డ్రాయింగు కాదు, లెక్కలు కాదు, సాక్షాత్తు భూగోళం మాస్టారు!) తువ్వాలుని రెండు చేతులా బారుగా చాపారు. నేను సీటులో కిందికి జారాను. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి, చలిగాలి తగలకుండా చెవులకి చుట్టుకున్నారు.

"ఏమయ్యా గుమస్తా, గైడువన్నారు, ఏమీ చెప్పవే?" అని ఒక పెద్దాయన అడిగారు.

"గొంతు బాగాలేదండీ."

"మిరియాల కషాయం తాగు" అని ఆయన కిటికీలోంచి చూడడంలో పడ్డారు.

చల్లపల్లి వచ్చింది, వెళ్ళింది. బస్సు ఒకసారి ఆగింది, అందరూ దిగి నవ్వుకుంటూ తోశారు. గైడుని కాబట్టి నన్ను తోయనివ్వలేదు. శ్రీకాకుళంలో దర్శనం అయ్యాక కృష్ణ ఒడ్డున భోజనాలకి కూర్చున్నారు. అప్పటికి నా భయం కాస్త తగ్గి, దాని చోట ఇంకేదో బాధ మొదలైంది. ఎవరూ చూడలేదు. ఒకావిడ నా దివిసీమలో చంటిపిల్లవాణ్ణి చుట్టింది. ఒకాయన మోపిదేవి పాముతో చెమట తుడుచుకున్నాడు. ఒకరు హంసని పరిచి దాని మీద దద్దోజనం గిన్నె పెట్టారు. నా తప్పు పట్టుకుంటారేమోనని పొద్దుటినుంచి వణికినవాణ్ణి, మధ్యాహ్నానికి ఒక్కరైనా పట్టుకుంటే బాగుండునని చూడడం మొదలుపెట్టాను. ఇక ఉండబట్టలేక మాస్టారి దగ్గరికి వెళ్ళి నా తువ్వాలు ఆయన ముందు పరిచాను. ఉద్యోగం పోతే పోయింది అనుకున్నాను.

"మాస్టారూ, ఇందులో మీకేమైనా తేడా కనిపిస్తోందా అండీ?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని అంచు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపి చూశారు. "నేత కొంచెం పలచన. ఉతికితే రంగు పోదు కదా?"

"పోదండీ."

"అయితే ఇంకేం" అని పులిహోర వైపు తిరిగారు.

ఒక ఇల్లాలు "ఇదిగోనమ్మా గుమస్తాగారికి" అని ఆకులో పులిహోర పెట్టి పంపింది. మంచి మనిషి. తరవాత వాళ్ళ చుట్టూ వాళ్ళు, వీళ్ళ చుట్టూ వీళ్ళు వలయాలుగా కూర్చున్నారు. ఏ వలయంలో దూరాలో తెలియక నేను బస్సు నీడకి వెళ్ళి చక్రానికి ఆనుకుని తిన్నాను. డ్రైవరు బస్సు కింద పడుకుని ఉన్నాడు.

"బావా, ఇక్కణ్ణుంచి సముద్రం ఏవైపు?" అని అడిగాను.

"నాకెందుకు? అటు రోడ్డు లేదు" అన్నాడు కళ్ళు తెరవకుండా.

సాయంత్రం బందరులో దిగేసరికి హారనుగారు ఎదురొచ్చారు. "ఎలా జరిగింది మాస్టారూ?" అన్నారు వీధి చివరికి వినిపించేలా. "బ్రహ్మాండం. తువ్వాలు చాలా సుఖంగా ఉంది. మీ గైడు కూడా మంచివాడు, దారిపొడుగునా నోరు మెదపలేదు" అన్నారు మాస్టారు. హారనుగారు నా వీపు తట్టి, ఇకమీదట ప్రతి ఎస్కర్షనుకీ నేనే గైడునన్నారు. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఎవరూ వాళ్ళింటికి రమ్మనలేదు. ఆ సాయంత్రం నాకు లైబ్రరీకి కూడా వెళ్ళబుద్ధి కాలేదు. తప్పు దొరికిపోతే ఏడవడం తెలుసు గాని, దొరకని తప్పుకి ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మర్నాడు పొద్దున టిక్కెట్లు రాస్తుంటే పండుగప్ప కేక వినిపించింది. బల్ల వదిలి బయటికి పరుగెత్తాను. బందరులో ఎవరూ అడగకుండా ఒక మనిషిని నేను పిలవడం అదే మొదలు.

"ఏమమ్మా, ఒక్క నిమిషం. నిన్న నువ్వన్నది నిజమే. సముద్రం తప్పు వైపు పెట్టాను. శాస్త్రం లేదు, ఏం లేదు. తప్పే."

"అది నిన్ననే తెలిసింది బాబూ" అని ఆమె బుట్ట దించి, తల మీది చుట్ట తీసి విప్పింది. "అందుకే ఇటు తిప్పి సుట్టుకున్నా. సూడండి."

తువ్వాలుని వెనక వైపు పైకి వచ్చేలా నేల మీద పరిచింది. అద్దకం రంగు నేతలోంచి దిగి వెనక వైపు కూడా బొమ్మ కట్టింది. కొంచెం వెలిసినట్టుంది గాని గోపురం, కోట, పాము అన్నీ ఉన్నాయి. కోటని రోడ్డు వైపు తిప్పింది. సముద్రం వచ్చి బుద్ధిగా ఎడమచేతి వైపు కూర్చుంది. నేను దాని వంక చూశాను, ఆమె వంక చూశాను, నవ్వాను. ముందు రోజు నవ్వవలసిన నవ్వు, ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. ఆమె కూడా నవ్వింది. నవ్వు తగ్గాక వెళ్ళిపోతుందనుకున్నాను. బుట్ట ఎత్తుకోలేదు.

"మరి మీదే ఊరు బాబూ? ఇందులో ఏదీ?"

గుడివాడ బస్తాలకి పైన ఖాళీగా ఉన్నచోట వేలు పెట్టాను.

"ఇక్కడేం లేదే?"

"చూడదగ్గవేమీ లేవు. అందుకని బొమ్మ వెయ్యలేదు."

"ఏం లేనిసోట నుంచి ఊడిపడ్డారా ఏంటి మీరు? సెప్పండి, ఏముంటది?"

షెడ్డులో "అబ్బాయ్, టిక్కెట్లు!" అని ఎవరో అరుస్తున్నారు. డ్రైవరు హారను కొడుతున్నాడు. నేను అలాగే గొంతుక్కూర్చుని ఉన్నాను. "కాలవ రేవులో ఒక నల్లరాయి ఉంది. మా అమ్మ దాని మీద కూర్చుని బియ్యం కడిగేది. ఇప్పుడు అమ్మ లేదు, రాయి ఉంది" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

ఆమె ఆ ఖాళీ చోటుని అరచేత్తో ఒకసారి నిమిరి, "అయితే ఆ రాయి బొమ్మ ఎయ్యాల్సింది బాబూ. ఈ బాతు కంటే బాగుండేది" అంది.

తరవాత ఆమె తన ఊరు చెప్పింది, కొడుకు చెప్పిన మాట వినడన్నది చెప్పింది, కార్డుల్లో వాన గురించి రాసే మావయ్య సంగతి నేను చెప్పాను. ఇన్నేళ్ళకి ఆ కుర్రగుమస్తాని తలుచుకుంటే నాకు నవ్వే వస్తుంది. ప్రపంచంలోని ఊళ్ళన్నీ చదివి, తన ఊరి గురించి ఎవరైనా అడుగుతారని ఒక్కసారీ అనుకోనివాడు. ఆ రోజు చల్లపల్లి బస్సు పావుగంట ఆలస్యంగా కదిలింది. కారణం రాయడానికి షెడ్డులో ఒక పుస్తకం ఉండేది. టైరు అని రాశాను. ఆ కంపెనీలో పనిచేసినన్నాళ్ళూ అందులో నేను రాసిన అబద్ధం అదొక్కటే. దాన్ని దిద్దాలని మాత్రం ఇప్పటికీ అనిపించదు.